గేటు దగ్గర వంగే చట్టం, గట్టు మీద చంపే తీగ

2025 ఆగస్టులో ఒక రాత్రి, శ్రీశైలం అడవి దారిలో గస్తీ విధుల్లో ఉన్న అటవీ సిబ్బందిని అధికార పక్షానికి చెందిన ఒక శాసనసభ్యుడు, ఆయన అనుచరులు అడ్డగించి, సిబ్బంది వాహనంలోనే వారిని తిప్పుతూ కొట్టారన్న ఫిర్యాదు రాష్ట్రమంతటా కలకలం రేపింది. పోలీసులు కేసు నమోదు చేశారు. నేరం జరిగిందా, జరిగితే ఎవరి పాత్ర ఎంత అన్నది తేల్చవలసింది న్యాయస్థానం. ఆ తీర్పును ముందే రాసే హక్కు ఏ పత్రికకూ లేదు. కానీ రాత్రిపూట అడవిని కాపాడే ఉద్యోగి ప్రజాప్రతినిధి పేరు చెప్పి ఫిర్యాదు చేయవలసిన స్థితి వచ్చిందంటేనే, నల్లమలలో చట్టం ఎవరి ముందు నిలబడుతోంది, ఎవరి ముందు తల వంచుతోంది అన్న ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్న ఒక వ్యక్తితో, ఒక పార్టీతో ముగిసేది కాదు.

నల్లమల మనకు దూరపు అడవి కాదు. గుండ్లకమ్మ అక్కడే పుట్టి, కంభం చెరువును నింపి, ఉమ్మడి ప్రకాశం జిల్లా మీదుగా సముద్రానికి చేరుతుంది. విజయనగర కాలం నాటి కంభం చెరువును అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో వారసత్వ నిర్మాణంగా గుర్తించింది. ఆ చెరువుకు నీరిచ్చే అడవికి అలాంటి గుర్తింపు ఎవరూ ఇవ్వనక్కర్లేదు, కాపాడితే చాలు. గిద్దలూరు, మార్కాపురం, యర్రగొండపాలెం ప్రాంతాలకు నల్లమల ఇంటి వెనక కొండ అయితే, పామూరు, చంద్రశేఖరపురం, వెలిగండ్ల మండలాలకు వెలిగొండలు అలాంటివే. ఈ కొండల వరుస దక్షిణాన లంకమల, శేషాచలం వైపు సాగుతుంది. నల్లమలలో పెరిగిన పులి కొత్త తావు వెతుక్కుంటూ నడవగలిగిన దారి ఇదే. అందుకే ఈ మార్గాన్ని కారిడార్‌గా కాపాడాలన్న ప్రతిపాదన అటవీ శాఖ ముందు ఉంది. ఇక్కడి పొలం గట్టు మీద జరిగేది శేషాచలం దాకా ప్రభావం చూపుతుంది.

ఈ అడవి ఇప్పుడున్న స్థితికి సులువుగా రాలేదు. 1978లో నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి తెచ్చారు. 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఆవలి భాగం అమ్రాబాద్ పులుల సంరక్షణ కేంద్రంగా తెలంగాణకు వెళ్లింది. అయినా ఇవతల మిగిలిన 3,296 చదరపు కిలోమీటర్ల నాగార్జునసాగర్ శ్రీశైలం కేంద్రమే విస్తీర్ణంలో దేశంలో అగ్రస్థానంలో నిలిచింది. నక్సలైట్ల కాలంలో సిబ్బంది అడుగు పెట్టలేకపోయిన చోట్లకు మళ్లీ బేస్ క్యాంపులు చేరాయి. ఆ క్యాంపుల్లో కాపలాదారులుగా చేరిన చెంచు గిరిజనులు అడుగు జాడ చూసి జంతువును గుర్తుపట్టే విద్యను ప్రభుత్వానికి అందించారు. జాతీయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 48గా ఉన్న పులుల సంఖ్య 2022లో 63కు పెరిగింది. ఈ పెరుగుదల వెనక ఉన్నది తక్కువ జీతానికి ఎక్కువ రాత్రులు అడవిలో గడిపిన చిన్న ఉద్యోగుల కష్టం. దాడికి గురయ్యామని ఫిర్యాదు చేసిందీ ఆ వర్గమే.

దోర్నాల శ్రీశైలం ఘాట్ దారిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు వాహనాలను అనుమతించరు. ఈ నిబంధన ఎవరినో ఇబ్బంది పెట్టడానికి పుట్టలేదు. జంతువులు నీటికీ మేతకూ దారి దాటేది ఆ వేళల్లోనే. హెడ్‌లైటు వెలుగు కళ్లలో పడితే దుప్పి కదలకుండా నిలబడిపోతుంది. మలుపులో వేగంగా వచ్చే కారుకు బ్రేకు వేసే వ్యవధి ఉండదు. ఈ సంగతి తెలిసిన సామాన్యుడు గేటు పడితే దోర్నాలలోనే ఆగిపోతాడు. బస్సు తప్పిన కుటుంబం పిల్లలతో తెల్లవారేదాకా వేచి ఉంటుంది. శివరాత్రికి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా వేల మంది భక్తులు కాలినడకన కొండ ఎక్కుతారు. అటవీ శాఖ చెప్పిన రోజుల్లో, చెప్పిన దారిలో నడుస్తారు. ప్లాస్టిక్ సంచి వద్దంటే గేటు దగ్గరే వదిలేస్తారు. చెంచు తల్లి తేనెకూ కుంకుడుకూ వెళ్లిన దారిలో ఎన్నిసార్లు ఆపి అడిగినా సమాధానం చెప్పుకుంటుంది.

అదే గేటు దగ్గరకు సైరను మోగిస్తూ ఒక కారు వస్తుంది. లోపల ఉన్నాయన తాను ఎవరో చెప్పకముందే అడ్డుకర్ర పైకి లేవాలని ఆశిస్తాడు. లేవకపోతే అది అవమానమని భావిస్తాడు. ఇది ఒక పార్టీ జబ్బు కాదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా చెక్‌పోస్టు ఉద్యోగికి అనుభవమైన విషయమే. గేటు తీయమన్న ఫోను, పట్టుకున్న బండిని వదలమన్న ఫోను, తవ్విన మట్టి గురించి అడగొద్దన్న ఫోను వస్తూనే ఉంటాయి. ఫోను చేసినవారి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఫోను రాగానే వంగిన ఉద్యోగికి మంచి చోటుకు బదిలీ, వంగనివాడికి దూరపు రేంజి. ఇలా చట్టాన్ని రద్దు చేయకుండానే చట్టం పనిచేయకుండా చేసే పద్ధతి మన పరిపాలనలో వేళ్లూనుకుంది. ఆగస్టు ఘటనపై ఫిర్యాదు నిజమని తేలితే అది ఈ పద్ధతికి పరాకాష్ఠ అవుతుంది. తేలకపోయినా ఈ పద్ధతి ఉందన్న నిజం చెరిగిపోదు.

ఇక అడవి అంచుకు వద్దాం. గేటు దగ్గర బలవంతుడి ముందు వంగిన చట్టం, పొలం దగ్గర అసలు కనిపించదు. పొద్దు గుంకగానే కంది, సజ్జ, వేరుశనగ చేల చుట్టూ చిన్న కర్రలు నాటి, నేలకు మూరెడు ఎత్తులో బైండింగ్ వైరు లాగి, పక్కనే పోయే విద్యుత్ లైనుకు కొక్కెం తగిలించే దుర్మార్గం అడవి అంచు పల్లెల్లో ఏళ్ల తరబడి నడుస్తోంది. తెల్లవారకముందే తీగ చుట్టేస్తారు. అడవి పంది కోసమని చెబుతారు. చీకట్లో ఆ తీగకు పంది తెలియదు, పులి తెలియదు, మోటారు వేయడానికి వచ్చిన పక్క చేను రైతు తెలియడు. మేకల మంద వెనక నడిచే కాపరి తెలియడు. పంట కాపాడుకోవడం ఒక సాకైతే, అడవి మాంసం అమ్ముకునే ముఠాలకు అదే తీగ పెట్టుబడి లేని వ్యాపారం.

ఈ విషయంలో మాటలు నమలవలసిన పని లేదు. కరెంటు తీగ పెట్టడం నేరం. మనిషి పోతే అది నరహత్య. పులి, చిరుత, ఎలుగుబంటి వంటి మొదటి షెడ్యూలు జంతువు పోతే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు. విద్యుత్ చౌర్యానికి వేరే శిక్ష ఉంది. చట్టపుస్తకంలో లోటు లేదు. లోటు ఎక్కడుందంటే, రైతు చనిపోయిన ఊళ్లో పెద్దలు కూర్చుని, ఇంత డబ్బిచ్చి మాట మాపుకుందామని రాజీ చేయడంలో ఉంది. ప్రమాదవశాత్తు జరిగిందని కాగితం రాయడానికి ఒప్పుకున్న ఠాణాలో ఉంది. అడవి అంచు ఫీడరు రాత్రివేళ పదేపదే ట్రిప్ అవుతున్నా, లైన్‌మన్ వెళ్లి చూడని విద్యుత్ పంపిణీ వ్యవస్థలో ఉంది. చచ్చిన జంతువు కళేబరం దొరికితే తప్ప బతికున్నప్పుడు గస్తీ తిరగని నిర్లక్ష్యంలో ఉంది. ఇన్ని చేతులు కలిస్తేనే ఒక తీగ రాత్రంతా పొలం చుట్టూ నిలబడగలుగుతుంది.

అయితే రైతును దోషిగా నిలబెట్టి చేతులు దులుపుకుంటే సంపాదకీయం సగం నిజమే చెప్పినట్లు. పశ్చిమ ప్రకాశం రైతుకు ఒకే పంట, ఒకే వాన. అప్పు తెచ్చి వేసిన వేరుశనగను పందుల గుంపు ఒక్క రాత్రిలో తవ్విపోసి వెళితే, పొద్దున ఆ రైతు ఎవరి దగ్గరకు వెళ్లాలి? అటవీ శాఖ దగ్గరకు వెళితే వ్యవసాయ శాఖ ధ్రువపత్రం తెమ్మంటారు. వ్యవసాయ శాఖ దగ్గరకు వెళితే అది జంతువుల పని కాబట్టి అడవివాళ్లను అడగమంటారు. పరిహారం వచ్చేసరికి మరుసటి ఏడాది పంట కాలం కూడా దాటిపోతుంది. న్యాయమైన దారి మూసుకున్నచోట దొంగదారి తెరుచుకుంటుంది. దొంగదారిని ఎవరూ సమర్థించలేరు. న్యాయమైన దారిని మూసినవారి బాధ్యత అంతకన్నా తక్కువ కాదు.

నిజానికి ప్రభుత్వం చేతిలో సాధనాలు లేక కాదు. ప్రాణానికో పంటకో ముప్పు తెచ్చే రెండో షెడ్యూలు జంతువు విషయంలో, కారణాలు లిఖితపూర్వకంగా చూపి వేటకు అనుమతించే అధికారం వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 11వ సెక్షను ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికీ, ఆయన నియమించిన అధికారికీ ఇచ్చింది. 2022 సవరణ తరువాత అడవి పంది ఆ షెడ్యూలులోనే ఉంది. ఈ అధికారాన్ని బాధ్యతగా, శిక్షణ పొందినవారి చేత, లెక్క రాసుకుంటూ వాడితే తీగల అవసరం తగ్గుతుంది. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని ఫసల్ బీమాలో అదనపు రక్షణగా చేర్చి 2026 ఖరీఫ్ నుంచి అమలు చేస్తామని కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ప్రకటించింది. ఏ జంతువులకు వర్తిస్తుందో, ఏ ప్రాంతాలు ముప్పులో ఉన్నాయో ప్రకటించవలసింది రాష్ట్రం. నష్టం జరిగిన 72 గంటల్లో ఫొటోలతో యాప్‌లో తెలపవలసింది రైతు. సిగ్నలు అందని గూడేనికీ, స్మార్ట్‌ఫోను చేతకాని ముసలి రైతుకూ ఆ 72 గంటల్లో ఎవరు తోడుంటారో చెప్పకపోతే పథకం కాగితం మీదే మిగిలిపోతుంది.

మనుషులు ముఖ్యమా, పులులు ముఖ్యమా అని నిలదీసేవారు ఉంటారు. ఆ ప్రశ్నకు ఈ ప్రాంతం ఎప్పుడో జవాబు చెప్పింది. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. కొల్లంవాగు దగ్గర శ్రీశైలం నీటిని అందుకుని, పులుల అడవి ఉన్న కొండ కిందుగా పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా పొడవున్న రెండు సొరంగాల ద్వారా ఆ నీటిని ఇవతలికి తేవాలన్నది ప్రణాళిక. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిన కనిగిరి, పామూరు పల్లెలు ఆ నీటి కోసం ఒక తరం పాటు ఎదురుచూశాయి. సొరంగాల తవ్వకం ఏళ్లకేళ్లు సాగినా, ముంపు గ్రామాలకు పరిహారం ఆలస్యమైనా, అడవిని నరికి కాలువ తవ్వండి అని ఈ దాహపు నేల ఎన్నడూ అడగలేదు. గొంతు తడవని ప్రజలు పాటించిన ఓర్పును, రాత్రి తొమ్మిది తరువాత ఒక గంట ప్రయాణం ఆపుకోలేని నాయకులు పాటించలేరా? మనిషికీ పులికీ మధ్య ఉందంటున్న తగాదా చాలాచోట్ల సామాన్యుడి ఓర్పుకూ బలవంతుడి అసహనానికీ మధ్య ఉన్న తగాదా.

సామాన్యుడి విజ్ఞతకు సాక్ష్యం కావాలంటే 2023 మార్చిని గుర్తు చేసుకోవాలి. నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం దగ్గర తల్లికి దూరమైన నాలుగు పులి కూనలు ఊరివారి కంట పడ్డాయి. తల్లి పులి ఏ క్షణాన వస్తుందోనన్న భయం ఉండి కూడా, ఊరివారు వాటిని కుక్కల బారిన పడకుండా ఒక గదిలో ఉంచి అధికారులకు కబురు చేశారు. తల్లి దగ్గరకు చేర్చే ప్రయత్నాలు ఫలించక కూనలు తిరుపతి జంతు ప్రదర్శనశాలకు వెళ్లవలసి వచ్చింది. ఆ పల్లె మాత్రం తన వంతు చేసింది. చట్టం తెలియకపోయినా ధర్మం తెలిసిన ఆ ఊరికీ, చట్టాలు చేసే సభలో కూర్చుని గేటు నిబంధన పట్టని వారికీ ఉన్న తేడాను పాఠకులే గమనించాలి.

ప్రపంచంలో మరోమూల ఇదే చిక్కును మరోలా విప్పుకున్నారు. ధ్రువానికి చేరువలో ఉన్న స్వీడన్ ఉత్తర ప్రాంతంలో సామీ తెగ ప్రజలు రెయిన్‌డీర్ మందలను మేపి బతుకుతారు. లింక్స్ పిల్లులు, వుల్వరిన్‌లు ఆ మందల మీద పడతాయి. చచ్చిన ప్రతి జంతువుకూ రుజువు తెమ్మని సామీలను తిప్పే పద్ధతిని స్వీడన్ 1996లో మార్చింది. ఒక సామీ సముదాయపు మేత నేలలో వేటజంతువులు ఎన్ని ఈతలు ఈనాయో లెక్కించి, దాన్ని బట్టి ఆ సముదాయానికి సొమ్ము చెల్లిస్తోంది. అక్కడ జంతువు బతికి ఉంటేనే డబ్బు. ఇక్కడ జంతువు చేసిన నష్టానికి కాగితాలు చూపిస్తే, అదీ ఎప్పటికో, డబ్బు. మొదటి పద్ధతి ప్రజలను అడవికి భాగస్వాములను చేస్తుంది. రెండోది ప్రజలను కార్యాలయాల చుట్టూ తిప్పి అడవి మీద కసి పెంచుతుంది. నల్లమలకు స్వీడన్ పద్ధతిని అలాగే దించుకోమని కాదు. పులి తిరిగే పంచాయతీకి, తీగ లేని ఊరికి, గస్తీకి మనుషులనిచ్చిన గూడేనికి ప్రభుత్వం ఏటా బహిరంగంగా సొమ్ము ఇచ్చి గౌరవించడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

చెంచుల సంగతి ఇక్కడే చెప్పాలి. పాలుట్ల వంటి గూడేలు అడవి లోపల వైద్యానికీ దారికీ దూరంగా బతుకుతున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం వారికి ఇచ్చిన హక్కులు దయతో వేసిన భిక్ష కావు. చారిత్రక అన్యాయాన్ని సరిచేయడానికే ఆ చట్టం వచ్చిందని దాని పీఠికే చెబుతోంది. పులుల కోసం ఊళ్లు ఖాళీ చేయాలని అడిగేటప్పుడు వారి ఇష్టపూర్వక సమ్మతి తప్పనిసరి అన్నది కూడా చట్టమే. అడవిలో తరతరాలుగా ఉన్న కుటుంబాన్ని బయటకు పంపడం గురించి ఇంత పట్టుదల చూపే యంత్రాంగం, అడవిలోకి అర్ధరాత్రి చొరబడే వాహనాన్ని ఆపడంలో ఆ పట్టుదలలో సగమైనా చూపాలి. లేకపోతే సంరక్షణ అనే మాటకు పేదలను తరిమే పని అన్న అర్థమే జనం మనసులో మిగులుతుంది. అలాంటి అర్థం స్థిరపడ్డ రోజున అడవికి ఎన్ని బేస్ క్యాంపులూ చాలవు.

అందువల్ల ప్రభుత్వం ముందు కొన్ని స్పష్టమైన పనులు ఉన్నాయి. ఆగస్టు కేసు విచారణ రాజకీయ ఒత్తిడికి లొంగకుండా త్వరగా ముగియాలి. ఫిర్యాదు చేసిన సిబ్బందికి బదిలీ బహుమానం కాకూడదు. రాత్రి గేటు దాటిన ప్రతి వాహనం నంబరు, అనుమతించిన అధికారి పేరు, కారణం ప్రతి నెలా ప్రజలకు తెలియజేయాలి. అంబులెన్సుకు తప్ప ఇంకెవరికీ మినహాయింపు ఉండకూడదు. అడవి అంచు పల్లెల్లో తొడుగు లేని విద్యుత్ తీగలను తొడుగున్న కేబుళ్లతో మార్చే పని విద్యుత్ పంపిణీ సంస్థ చేపట్టాలి. రాత్రివేళ ట్రిప్ అయిన ఫీడర్ల సమాచారం అదే రాత్రి అటవీ రేంజికి చేరాలి. ఖరీఫ్ విత్తనం నేలలో పడేలోగా పశ్చిమ ప్రకాశం మండలాలను ముప్పు ప్రాంతాల జాబితాలో చేర్చాలి. ప్రతి రైతు సేవా కేంద్రంలో ఫొటో తీసి దరఖాస్తు పెట్టించే మనిషి ఉండాలి. చెంచు కాపలాదారుల జీతం నెల నెలా అందాలి. అటవీ శాఖ స్వయంగా ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ చేతిలో ఉంది. ఆయన అడవి గురించి చెప్పే మాటలకు ఈ పనులే గీటురాయి.

పశ్చిమ ప్రకాశంలో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. కొత్త కలెక్టరేటు, కొత్త బోర్డులు, కొత్త వాహనాలు వచ్చాయి. ఈ జిల్లాకు పరిశ్రమలు ఇంకా రావలసి ఉంది, నీళ్లు ఇంకా పారవలసి ఉంది. ముందే చేతిలో ఉన్న సంపద అడవి ఒక్కటే. కొత్త జిల్లా తొలి సంప్రదాయం ఎలాంటిదవుతుందో మొదటి కొన్ని సంవత్సరాల్లోనే తేలిపోతుంది. గేటు దగ్గర ఒకసారి ఇచ్చిన మినహాయింపు రెండోసారి హక్కవుతుంది, మూడోసారి ఆచారమవుతుంది. పొలం గట్టు మీద ఒక చావును రాజీతో మాపితే అది పది తీగలకు భరోసా ఇస్తుంది. పూర్వోదాహరణ బలం అలాంటిది. చెడ్డదాన్ని స్థాపించడానికి ఒక రాత్రి చాలు, తీసివేయడానికి ఒక తరం పడుతుంది.

పాఠకులకూ ఒక బాధ్యత ఉంది. ఊళ్లో తీగ ఎవరు పెడతారో ఊరికి తెలుసు. వేట మాంసం ఎవరి ఇంట వండుతారో, ఎవరు కొంటారో కూడా తెలుసు. ఆ మాంసం కొనడం మానిన రోజున సగం తీగలు తమంతట తామే దిగిపోతాయి. ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చినవారిని రోడ్డు గురించి, నీళ్ల గురించి అడిగినట్లే, అడవి గేటు ముందు మీరు ఆగుతారా అని అడగాలి.

అడవి దారిలో రాత్రి గేటు ముందు ఆగలేని నాయకుడికి, పొలం చుట్టూ తీగ తీసేయమని రైతుకు చెప్పే నైతిక అర్హత లేదు. రైతు నష్టాన్ని సకాలంలో తీర్చలేని ప్రభుత్వానికి, పులుల సంఖ్య పెరిగిందని పండుగ చేసుకునే అర్హత లేదు. ఈ రెండు అర్హతలనూ సంపాదించుకోవడం ప్రభుత్వం వెంటనే మొదలుపెట్టాలి.